మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఇనుప డ్రమ్ములో కలిపినాం, చీనీ (బత్తాయి) ఆకు మాడింది. తప్పు యాడ జరిగింది?

నార్పల దిక్కు చీనీ రైతు:
అన్నలారా, ఒకటి కాదు, నాలుగు కష్టాలు ఒకేసారి వచ్చినాయి. మాది నాలుగెకరాల చీనీ తోట, తొమ్మిదేండ్ల చెట్లు. మొదలు దగ్గర బంక కారుతావుంటే బోర్డో మందు (తుత్తం, సున్నం నీళ్ళలో కలిపేది) కొట్టమన్నారు. అనంతపురంలో 5 కిలోల మైలుతుత్తం తెచ్చినా. 200 లీటర్ల ఇనుప డ్రమ్ములో 2 కిలోల తుత్తం కరిగించి, దాంట్లోకే 2 కిలోల సున్నం కలిపి మొన్న మధ్యాహ్నం కొట్టేసినాం. సున్నం కొత్తది కొనలేదు, రెండేండ్ల కింద ఇంటికి వెల్ల వేసినప్పుడు మిగిలిన మూట ఉంటే అదే వాడినాం.

ఈ పొద్దు పోయి చూస్తే లేతాకు అంచులన్నీ కాలినట్ల గోధుమరంగుకు తిరిగినాయి. పిందెల మీద నల్ల చుక్కలు. డ్రమ్ము లోపల చూస్తే కొత్త రాగి చెంబు తోమినట్ల ఎర్రగా ఉంది, అడుగున ఒక చోట కారతా ఉంది కూడా. ఒట్టి చేతుల్తో కలిపిన మా ఇంటామెకు చేతులు దురద, మంట. మా తమ్మునికి నిన్న మిగిలిన మందు కలబెడతాంటే కంట్లో చుక్క ఎగిరింది. చెంబుడు నీళ్ళతో కడుక్కున్నాడు, ఇంకా ఎర్రగానే ఉంది. ఇంగ 3 కిలోల తుత్తం మిగిలింది, సంచి పైభాగమంతా తెల్లగా పొడి పట్టింది. అది చెడిపోయినట్లా? ఏమి చేయమంటారు?

స్టాఫ్ నర్సు, పీహెచ్‌సీ:
ఆకు సంగతి తర్వాత చూసుకుందాం అన్నా. ముందు మీ తమ్మున్ని కంటి డాక్టరు దగ్గరికి పిలుచుకోని పోండి, ఈ పొద్దే. తుత్తం కంటి నల్లగుడ్డు పైపొరను తినేస్తుంది, దానికితోడు సున్నం కూడా కలిసుంది. సున్నం ఇంకా మొండిది, సన్న రవ్వ రెప్ప మడతలో ఇరుక్కుంటే లోపలే కాలుస్తా ఉంటుంది, పైకి కనపడదు.

చెంబుడు నీళ్ళు చాలవు. పడిన వెంటనే కొళాయి కింద తల పక్కకు వంచి, రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకోని, తక్కువంటే 15 నిమిషాలు నీళ్ళు ధారగా పోనీయాల. గడియారం చూసుకోని 15 నిమిషాలు, మన అంచనాకు రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి. రుద్దకూడదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది చనుబాలు పిండించుకోనో, ఆముదం వేసుకోనో వస్తారు. దయచేసి అవేవీ వద్దు. పోయేటప్పుడు తుత్తం సంచి మీది లేబుల్ చించుకోని జేబులో పెట్టుకోండి, సున్నం కూడా కలిసిందని నోటితో చెప్పండి.

మీ ఇంటామె చేతులు సబ్బుతో కడిగి కొబ్బరినూనె రాస్తే తగ్గొచ్చు, బొబ్బలు లేస్తే మాత్రం చూపించండి. ఆ పొద్దు కట్టుకున్న బట్టలు వేరేగా ఉతకండి.

నార్పల దిక్కు చీనీ రైతు:
సరే అక్కా, బండి తీస్తావున్నా. సాయంత్రం చెప్తా.

ఎరువుల దుకాణం, తాడిపత్రి:
రెండేండ్ల సున్నం, ఇనుప డ్రమ్ము! ఇంగ చెప్పాల్సింది ఏముందప్పా. ఈ తలనొప్పంతా ఎందుకు, కాపర్ ఆక్సీక్లోరైడ్ (ఇది కూడా రాగి మందే) ప్యాకెట్ తెచ్చుకోని లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టుకోండి. సున్నం పని లేదు, మందులో కత్తి ముంచి చూసే పరీక్ష లేదు.

పుట్లూరు చీనీ రైతు:
మీకు ప్యాకెట్ అమ్ముడుపోవాల గానీ... (నవ్వులాటకే అన్నా, కోపం తెచ్చుకోవద్దు.) వానకు తట్టుకుని ఆకును అంటుకునేది బోర్డోనే. మొదలుకు పూసే పేస్టుకు అయితే దానికి సాటి లేదు. సరిగా కలపడం నేర్చుకుంటే సరి. లెక్చరర్ సారు ఉన్నారు కదా, ఆయన చెప్తే బాగుంటుంది.

రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, అనంతపురం:
నాయనా, నీ డ్రమ్ము లోపల ఎర్రగా కనపడుతున్నది నిజంగా రాగే. నువ్వు డబ్బు పోసి కొన్న రాగి అక్కడ అతుక్కుంది, దాని బదులు నీ డ్రమ్ములోని ఇనుము కరిగి నీళ్ళలోకి పోయింది. తుత్తం నీళ్ళు ఇనుమును తాకితే జరిగేది ఇదే. ఇనుము కరిగితే వచ్చేది అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్). అంటే పైసా ఖర్చు లేకుండా నీ డ్రమ్ములో నువ్వే అన్నభేది తయారు చేసినావు, డ్రమ్ముకు చిల్లి అందుకే పడింది. జింకు పూత బకెట్లు, అల్యూమినియం గిన్నెలు కూడా ఇంతే. ప్లాస్టిక్ డ్రమ్ము, సిమెంటు తొట్టి, మట్టి బాన, వీటిల్లో ఏదైనా వాడుకో.

కానీ ఆకు మాడింది డ్రమ్ము వల్ల కాదు, సున్నం వల్ల. తుత్తం కరిగిన నీళ్ళు పుల్లగా, అంటే ఆమ్లంగా ఉంటాయి. దాంట్లో రాగి విడిగా ఉంటుంది, లేతాకు తాగితే మాడక తప్పదు. సున్నం పడితే ఆ రాగి సన్నటి నీలి మడ్డిగా మారి ఆకు మీద పొరలాగా ఎండుతుంది. వాన, మంచు తగిలినప్పుడు కొంచెం కొంచెంగా విడుదలై తెగులు బీజాలను చంపుతుంది. బోర్డో కిటుకంతా అదే. లెక్క ప్రకారం 1 కిలో తుత్తానికి మంచి సున్నం పావు కిలో కూడా అక్కరలేదు, 225 గ్రాములు చాలు. అయినా కిలోకు కిలో అని ఎందుకు అంటారంటే, మనకు దొరికే సున్నంలో ఎంత సున్నం, ఎంత మన్ను ఉందో ఎవరికీ తెలియదు కాబట్టి.

నీ సున్నంలో అయితే సున్నమే లేదు. మూటలో రెండేండ్లు గాలి తగిలితే బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని సుద్దగా మారిపోతుంది. కావాలంటే చెంచాడు తీసుకొని దాని మీద నిమ్మకాయ పిండి చూడు. బుసబుసమని పొంగిందా, అది సుద్ద. మంచి రాతిసున్నం అయితే ముద్ద మీద నీళ్ళు చల్లగానే చిటపటలాడి, ఆవిరి లేచి, పువ్వులాగా విచ్చి పొడి అవుతుంది. అది విచ్చుతున్నప్పుడు మీదికి వంగి చూడకూడదు, నర్సమ్మ చెప్పిన కంటి ప్రమాదం అప్పుడే ఎక్కువ. రాతిసున్నం దొరకక పొడిసున్నం సంచి తెచ్చుకుంటే కిలోకు బదులు కిలోంబావు, కొంచెం పైన వేసుకో.

ఇప్పుడు కలిపే విధానం. రాత్రే 1 కిలో తుత్తాన్ని పాత పంచె గుడ్డలో మూట కట్టి, 50 లీటర్ల నీళ్ళున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పైపైన మునిగేటట్టు కట్టెకు వేలాడదీయి. అడుగున పారేస్తే తెల్లారినా కరగదు. పైన వేలాడదీస్తే నీలి ధారలు దారాల్లాగా కిందికి జారుతూ కనపడతాయి. తుత్తం కలిసిన నీళ్ళు బరువు, అవి దిగిపోతే పైకి కొత్త నీళ్ళు వస్తాయి. ఇరవై ఏళ్ళు పిల్లలకు క్లాసులో చూపించినా నాకు ఆ దారాలు చూడటం విసుగు రాలేదు.

ఇంకో డ్రమ్ములో 1 కిలో సున్నం విచ్చగొట్టి, 50 లీటర్లు చేసి, గుడ్డతో వడగట్టు. లేకుంటే నాజిల్ మూసుకుంటుంది. చల్లారినాక రెండూ ఒకేసారి మూడో డ్రమ్ములోకి పోయాలి, ఒకరు కట్టెతో తిప్పుతూ ఉండాలి. మూడో డ్రమ్ము లేకపోతే సున్నపు నీళ్ళలోకి తుత్తం నీళ్ళు పోయాలి. నువ్వు చేసినట్టు తుత్తంలోకి సున్నం పోస్తే మడ్డి ముతకగా వస్తుంది, ఆకు మీద నిలవదు. రెండూ చల్లగా ఉండాలి, వేడి మీద కలిపితే నలుపు తిరుగుతుంది.

కొట్టే ముందు పరీక్ష. మెరిసేటట్టు నూరిన కొడవలిని మందులో ఒక నిమిషం ముంచి తీయి. కొన మీద ఎర్రటి పొర వస్తే రాగి ఇంకా విడిగా ఉందని. సున్నపు నీళ్ళు ఇంకొంచెం పోసి, కొడవలి మళ్ళీ నూరి, మళ్ళీ ముంచు. ఇనుప డ్రమ్ము లోపల నీకు కనపడింది కూడా ఇదే పరీక్ష, నువ్వు చదువుకోలేదంతే.

ఇక తెల్లపొడి గురించి. చెడిపోలేదు. తుత్తం గడ్డలో మూడోవంతు పైగా నీళ్ళే. కిలోలో 360 గ్రాములు నీళ్ళు, 255 గ్రాములు రాగి. ఆ నీలిరంగు కూడా ఆ నీళ్ళ పుణ్యమే. మన అనంతపురం ఎండకు రేకుల షెడ్డులో పైపైన నీళ్ళు ఎగిరిపోయి తెల్లబడింది. పరీక్షనాళికలో బాగా కాల్చితే మొత్తం తెల్లపొడి అవుతుంది, ఒక్క నీటిచుక్క వేస్తే మళ్ళీ నీలం. నీళ్ళు పోయిన తుత్తం తూకానికి కొంచెం ఘాటు ఎక్కువ, అంతే తేడా. పైది, కిందిది కలిపి వాడుకో. ఆ పొడి లేచి ముక్కులోకి పోకుండా మాత్రం చూసుకో. పోర్చుగల్‌లో ద్రాక్షతోటల్లో ఏళ్ళ తరబడి బోర్డో కొట్టిన కూలీలకు ఊపిరితిత్తులు పాడైన సంగతి 1969లోనే డాక్టర్లు రాసినారు.

పుట్లూరు చీనీ రైతు:
సార్, ద్రాక్షతోటలంటే గుర్తొచ్చింది. దొంగల కథ చెప్పండి.

రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, అనంతపురం:
అదా! ఫ్రాన్సులో బోర్డో ప్రాంతంలో దారి పక్క ద్రాక్షతోటల వాళ్ళు, పోయేవాళ్ళు పండ్లు కోయకుండా తుత్తం, సున్నం కలిపి చల్లేవాళ్ళు, చూస్తే విషమనిపించేటట్టు. 1882లో మిల్లార్డె అనే ఆచార్యుడు ఆ దారిన పోతూ, దారి పక్క తీగలకు బూజు తెగులు లేదు, లోపలి తీగలకు ఉంది అని గమనించినాడు. 1885లో మందుగా ప్రకటించినాడు. మన తోటల్లో చీనీకాయల దొంగలకు ఇది పనిచేస్తుందో లేదో నాకు తెలియదు.

నార్పల దిక్కు చీనీ రైతు:
తమ్మున్ని చూపించినాం. పైపొర గీసుకుపోయిందంట, రెప్ప కింద సున్నపు రవ్వ తీసినారు. చుక్కల మందు ఇచ్చి రెండ్రోజుల్లో మళ్ళీ రమ్మన్నారు. అక్కా, నువ్వు చెప్పకపోతే ఇంట్లోనే ఉండేవాళ్ళం. సార్, మాడిన చెట్లకు ఏమన్నా కొట్టాల్నా?

రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, అనంతపురం:
ఏమీ కొట్టొద్దు. నీళ్ళు కట్టి వదిలెయ్యి, చిగురు దానంతట అదే వస్తుంది. ఇంకోసారి మధ్యాహ్నం ఎండలో కొట్టొద్దు. పూత మీద, లేత చిగురు మీద కూడా వద్దు. ఇప్పటికి మొదళ్ళకు పేస్టు పూయి: కిలో తుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్ళు. బంక కారేచోట బెరడు గీకి, నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు. అనుమానముంటే రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి ఒక కొమ్మ తీసుకుపోయి చూపించు.

గార్లదిన్నె దిక్కు జీవాల కాపరి:
నాకొక సందేహం సామీ. మా గొర్రెలు ఎండాకాలం అంతా చీనీ తోటల్లోనే మేస్తాయి. మందు కొట్టిన గడ్డి తింటే ఏమన్నా అయితాదా? గిట్టలు కుళ్ళినప్పుడు మేమే తుత్తం నీళ్ళలో నడిపిస్తాం, అప్పుడేమీ కాలేదే.

గోపాలమిత్ర (పల్లెల్లో పశువుల వైద్యానికి సాయం చేసేవాడు):
నడిపించడం వేరు, తాగడం వేరు అన్నా. గొర్రెకు రాగి అసలు పడదు. ఆవు, బర్రె, మేక కొంచెం తట్టుకుంటాయి, గొర్రె తట్టుకోదు. తిన్న రాగి కాలేయంలో వారాల తరబడి దాచిపెట్టుకుంటుంది, పైకి బాగానే తిరుగుతా ఉంటుంది. ఒకనాడు ఎండకో, దూరం తోలినందుకో ఒత్తిడి పడితే ఆ రాగి అంతా ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. కళ్ళు, చిగుళ్ళు పసుపు, ఉచ్చ కాఫీ డికాషన్ రంగు, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. చాలామంది పాము కరిచిందనుకుంటారు. అందుకే బోర్డో కొట్టిన తోటలో వానలు పడి కొత్త గడ్డి మొలిచేదాకా జీవాలను తోలొద్దు. కాళ్ళు ముంచే తొట్టి దగ్గరికి వచ్చే ముందే వాటికి కడుపునిండా నీళ్ళు తాపండి, దప్పికతో ఉంటే ఆ నీలి నీళ్ళే తాగుతాయి. ఇంగ ఆవుల కోసం కలిపిన దాణా, మినరల్ మిక్స్ గొర్రెలకు వేయొద్దు, దాంట్లోనూ రాగి ఉంటుంది.

గార్లదిన్నె దిక్కు జీవాల కాపరి:
పోయినేడు రెండు అట్లనే పోయినాయి. ఉచ్చ ఎర్రగా. మేము పామే అనుకున్న్యాం.

స్టాఫ్ నర్సు, పీహెచ్‌సీ:
పిల్లలున్న ఇంటివాళ్ళు ఇది కూడా చూడండి. నీలి గడ్డలు చూసి కలకండ అనుకుంటారు పసిపిల్లలు. మింగితే నోరు, గొంతు మంట, నీలి-పచ్చ వాంతులు, తర్వాత రక్తవిరేచనాలు. రక్తకణాలు పగిలి మూత్రపిండాలు దెబ్బతింటాయి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు, ఉప్పునీళ్ళు వద్దు. నోరు కడిగి, 108కి ఫోన్ చేసి, డబ్బా లేబుల్‌తో సహా పెద్దాసుపత్రికి తీసుకుపోండి. వాంతి ఆగింది కదా అని ఇంటికి తిరిగి రావొద్దు, అసలు దెబ్బ మరుసటి రోజు కనపడొచ్చు. తాగేనీళ్ళ సీసాలో తుత్తం నీళ్ళు పోసి పెట్టడమంత పాపం ఇంకోటి లేదు.

నార్పల దిక్కు చీనీ రైతు:
నాలుగు రోజులైంది. తమ్ముని కంట్లో ఎరుపు పోయింది, ఇంగ చుక్కలు ఆపేయొచ్చన్నారు. కొత్త రాతిసున్నం తెచ్చి, ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కలిపి పేస్టు చేసినాం. చేతికి రబ్బరు గ్లౌజులు, కంటికి బండి కళ్ళద్దాలు. మొదటిసారి కొడవలి ముంచితే కొనకు ఎర్రగా వచ్చింది. సున్నపు నీళ్ళు రెండు చెంబులు పోసి మళ్ళీ ముంచితే తెల్లగా, నూరినట్లనే వచ్చింది. మా ఇంటామె ఆ కొడవలి పట్టుకోని నాకంటే ముందు నవ్వింది.

ఇంగ రెండే మిగిలినాయి. పాత డ్రమ్ములో 30 లీటర్ల మందు ఉండాది, వంకలో పారబోయొచ్చా? ఆ డ్రమ్ముకు చిల్లి అతికించి ఎద్దులకు కుడితి తొట్టి చేద్దామని మా నాయన అంటాడు.

రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, అనంతపురం:
వంకలో వద్దు. చేపలకు రాగి కొంచెం తగిలినా చాలు. కొత్త సున్నం వేసి కొడవలి శుభ్రంగా వచ్చేదాకా కలుపు, తర్వాత బావికి, బోరుకు దూరంగా, పైరు లేని గట్టు మీద పలుచగా చల్లు. ఒక్కచోట గుమ్మరించొద్దు, రాగి నేలలోంచి ఎటూ పోదు, అక్కడ వానపాము కూడా బతకదు.

డ్రమ్ము పాత సామాన్లవానికి అమ్మెయ్యి. అమ్మే ముందు అడుగున ఇంకో నాలుగు చిల్లులు పొడువు, వాడు దాన్ని ఇంకెవరి ఎద్దులకో కుడితి తొట్టిగా అమ్మకుండా.