థైరాయిడ్ రిపోర్టు నార్మల్‌గానే వచ్చింది, అయినా పాపిట వెడల్పవుతోంది

మల్లెపందిరి:
నా వయసు 27. ఏడాదిగా నడినెత్తిన జుట్టు పలచబడి, పాపిట గీత వెడల్పై మాడు కనిపిస్తోంది. నెలసరి 45 రోజులకో, ఒక్కోసారి రెండు నెలలకో వస్తోంది. గడ్డం కింద ముదురు వెంట్రుకలు మొలుస్తున్నాయి. థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ పరీక్ష చేయిస్తే నార్మల్ అని వచ్చింది. మందుల షాపులో ఇచ్చిన 10 మిల్లీగ్రాముల బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్ర రోజూ వేసుకుంటున్నాను, అమ్మ గుంటగలగరాకు నూనె పట్టిస్తూనే ఉంది. థైరాయిడ్ సమస్య లేదన్నారు కదా, ఇక ఏ పరీక్షలు చేయించుకోవాలో దయచేసి చెప్పగలరు.

ల్యాబ్ టెక్నీషియన్:
అమ్మా, ఆ మాత్ర వాడుతూనే రక్తం ఇచ్చారా? చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ కొలిచే పద్ధతి బయోటిన్ మీదే ఆధారపడి ఉంటుంది. థైరాయిడ్ లోపం ఉంటే సాధారణంగా టీఎస్‌హెచ్ పెరుగుతుంది; రక్తంలో బయోటిన్ ఎక్కువైతే అది ఉన్నదానికంటే తక్కువగా కనిపించి, అసలు లోపం మరుగున పడవచ్చు. మనిషికి రోజుకు కావలసింది సుమారు 30 మైక్రోగ్రాములు, మీరు వేసుకుంటున్నది దానికి 300 రెట్లకు పైమాటే. కనీసం రెండు రోజులు మాత్ర ఆపి, ల్యాబులో ఆ సంగతి చెప్పి, పరీక్ష మళ్లీ చేయించుకోండి.

చర్మవైద్యురాలు:
పై సలహా సరైనదే. థైరాయిడ్ లోపం వల్లగానీ, ఐరన్ తగ్గడం వల్లగానీ, జ్వరం లేదా కాన్పు తర్వాత రెండు మూడు నెలలకుగానీ రాలే జుట్టు తలంతా సమానంగా రాలుతుంది. మీకు ముందువైపు అంచు అలాగే ఉండి పాపిట మాత్రమే విచ్చుకుంటున్నట్లయితే, పురుష హార్మోన్ల ప్రభావాన్ని అనుమానించాలి. నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం రెండూ ఉన్నాయి కాబట్టి, స్కానింగులో అండాశయాలు మామూలుగా కనిపించినా పీసీఓఎస్ (అండాశయాల పనితీరు, హార్మోన్లు గాడి తప్పే సమస్య) కాదని కొట్టిపారేయలేము; అయితే థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్) దోషాలు లేవని తేలిన తర్వాతే ఆ మాట ఖాయం చేస్తాము. టెస్టోస్టెరాన్ (పురుష హార్మోన్), 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ (అడ్రినల్ గ్రంథి లోపాన్ని పట్టిచ్చేది), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), చక్కెర పరీక్షలు కూడా అవసరమవుతాయి. గొంతు బొంగురుపోయి, వెంట్రుకలు కొద్ది నెలల్లోనే విపరీతంగా పెరిగితే మాత్రం ఆలస్యం చేయకుండా ఎండోక్రినాలజిస్టును (హార్మోన్ల వైద్యుణ్ణి) కలవాలి. నూనె రాసుకోవడంలో తప్పు లేదు, కానీ అది హార్మోన్లను సరిచేయదు.

మల్లెపందిరి:
ధన్యవాదాలు మేడమ్. జుట్టు పెరగడానికి తలకు రాసే మినాక్సిడిల్ ఇప్పుడే మొదలుపెట్టవచ్చా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు.

చర్మవైద్యురాలు:
పరీక్షలు అయ్యాక, డాక్టరు చూసి రాస్తేనే మొదలుపెట్టండి. మొదటి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువగా రాలినట్లు కనిపిస్తుంది, చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. ఫలితం తెలియాలంటే ఆరు నెలలైనా వాడాలి, ఆపేస్తే వచ్చిన జుట్టు మళ్లీ పోతుంది. గర్భిణులు దీనిని వాడకూడదు. కొందరికి తోడుగా రాసే, పురుష హార్మోన్లను అడ్డుకునే స్పైరనోలాక్టోన్ మాత్ర విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది కడుపులోని మగశిశువు ఎదుగుదలను దెబ్బతీయవచ్చు. అందుకని పెళ్లి మాట మీ డాక్టరుకు ముందే చెప్పండి.