పీల్‌లో ఫ్రెంచ్ ఇమ్మర్షన్ సీట్లు: 25 శాతం పరిమితి ఎత్తెయ్యాలా?

గోదారిగట్టు:
కెనడాలో టొరంటో పక్కనున్న పీల్‌లో, అంటే బ్రాంప్టన్, మిస్సిసాగా, కాలెడన్ వైపు ఉన్నవాళ్ల కోసం ఈ చర్చ పెడుతున్నానండి. పీల్ డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డులో ఫ్రెంచ్ ఇమ్మర్షన్ (ఇంగ్లీష్ బడిలోనే పాఠాల్లో సగమో అంతకంటే ఎక్కువో ఫ్రెంచ్‌లో చెప్పే పద్ధతి) గ్రేడ్ 1తో మొదలవుతుంది. గ్రేడ్ 1లో చేరే పిల్లల్లో నాలుగో వంతుకు మించి ఇందులోకి తీసుకోకూడదని ట్రస్టీలు (బోర్డుకి ఎన్నికైన సభ్యులు) ఎప్పుడో పరిమితి పెట్టారు. అడిగేవాళ్లు ఎక్కువ, సీట్లు తక్కువ, కాబట్టి లాటరీ. పేరు రాకపోతే వెయిట్‌లిస్టు. పక్కనే టొరంటో బోర్డులో సీనియర్ కిండర్‌గార్టెన్‌లోనే మొదలుపెడతారు, గడువులోపు దరఖాస్తు పెట్టిన అందరికీ ఎక్కడో ఒకచోట సీటిస్తారు. ఇంటిమీద కట్టే ఎడ్యుకేషన్ టాక్స్ రేటు ఒంటారియో అంతటా ఒకటే కదా? రోడ్డుకి ఆ పక్కన సీటు, ఈ పక్కన లాటరీ ఏంటండీ? పరిమితి ఎత్తెయ్యమని ట్రస్టీలకి రాద్దాం అంటున్నాను.

లెక్కలపంతులు:
రాసే ముందు ఒక బడి లెక్క చూడండి. గ్రేడ్ 1లో 60 మంది చేరారనుకుందాం. ఒంటారియో నిబంధన ప్రకారం గ్రేడ్ 1 నుంచి 3 దాకా తరగతుల్లో కనీసం 90 శాతం 20 మందికి మించకూడదు, ఏ ఒక్కటీ 23 దాటకూడదు. అంటే మూడు తరగతులు. పరిమితి లేకపోతే 40 మంది ఇమ్మర్షన్‌కి, 20 మంది ఇంగ్లీష్‌కి వెళ్తారు. మొదటి ఏడాది అంతా బాగానే కనిపిస్తుంది.

ఆ తర్వాత ఇమ్మర్షన్‌లో పిల్లలు తగ్గడమే గానీ పెరగరు. ఇల్లు మారతారు, చదువు ఎక్కక ఇంగ్లీష్‌కి మారతారు. ఆ ఖాళీలో గ్రేడ్ 3 పిల్లాణ్ని కొత్తగా కూర్చోబెట్టలేరు, వాడికి ముందు రెండేళ్ల ఫ్రెంచ్ లేదు. మరో బడి ఇమ్మర్షన్ నుంచి వస్తే తప్ప ఆ సీటు అలాగే ఉండిపోతుంది. గ్రేడ్ 4కి 40 మంది 32 అయ్యారనుకోండి. గ్రేడ్ 4 నుంచి 8 దాకా బోర్డు సగటు 24.5 ఉండాలి. 32 మందికి ఒక తరగతి చాలదు. రెండిస్తే పదహారేసి మంది. ఆ తేడా పూడ్చడానికి వేరే బడుల్లో కొన్ని గదుల్లో 30 మందేసి కుక్కాలి. అందుకే గ్రేడ్ 4, 5 పిల్లల్ని ఒకే గదిలో కలిపి స్ప్లిట్ క్లాసు చేస్తారు.

ఇంగ్లీష్ వైపు మాత్రం ఒకటే తరగతి. ఇద్దరు పిల్లలకి పడకపోతే విడదీయడానికి రెండో గది ఉండదు. ఏళ్ల తరబడి అవే ముఖాలు. ఇమ్మర్షన్ నుంచి వెనక్కొచ్చినవాళ్లూ, నిన్నగాక మొన్న దేశంలో దిగినవాళ్లూ ఆ గదిలోనే.

గోదారిగట్టు:
పంతులు గారూ, టొరంటోలో ఈ లెక్కలు లేవా? అక్కడ 20 మంది నిబంధన లేదా? వాళ్లెలా ఇస్తున్నారో చెప్పండి ముందు.

లెక్కలపంతులు:
ఇస్తారు, మీ వీధి బడిలో ఇస్తామని మాత్రం ఎవరూ అనలేదు. టొరంటోలో పాత పేటల్లో పిల్లలు తగ్గిన భవనాలున్నాయి. వాటిలో కొన్నిటిని ఇమ్మర్షన్‌కి వాడుకోవచ్చు. బ్రాంప్టన్ కొత్త సబ్‌డివిజన్లలో బడి తెరిచిన కొన్నాళ్లకే వెనకాల పోర్టబుల్స్ (తాత్కాలిక తరగతి గదులు) దిగుతాయి.

గోదారిగట్టు:
మరి పోర్టబుల్సే ఇంకో పది వెయ్యమనండి. పాఠం చెప్పడానికి నాలుగు గోడలు చాలవా?

లెక్కలపంతులు:
పోర్టబుల్‌తో గది వస్తుంది, మిగతావేవీ రావు. దాన్ని నిలపడానికి చదును చేసిన చోటు కావాలి, కరెంటు లైను కావాలి, ఫైర్ ఇంజన్ తిరిగే దారి వదలాలి. దానికి ఆటస్థలమో పార్కింగో పోతుంది. చాలా పోర్టబుల్స్‌లో బాత్రూం ఉండదు. జనవరిలో ఏడేళ్ల పిల్ల బూట్లూ కోటూ వేసుకుని పెద్ద భవనానికి వెళ్లి రావాలి. ప్రతి తరగతికీ రోజుకు 20 నిమిషాల వ్యాయామం తప్పనిసరి. ఉన్నది ఒకే జిమ్. పది తరగతులు పెరిగితే జిమ్ టైంటేబుల్ ఎవరు వేస్తారో వెయ్యమనండి చూద్దాం.

ఇదంతా డబ్బుతో తీరుతుందనే అనుకుందాం. టీచర్లు ఎక్కణ్నుంచి వస్తారు? ఒంటారియోలో ఫ్రెంచ్ టీచర్ల కొరత మీద అధికార భాషల కమిషనర్ కార్యాలయం 2019లో ప్రత్యేకంగా అధ్యయనమే వేసింది.

వరంగల్‌వాలా:
అన్నా, పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) కోసం టెఫ్, టీసీఎఫ్ ఫ్రెంచ్ పరీక్షలు రాసిన మనోళ్లు మస్తుమంది ఉన్నరు గదా. 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ఇమిగ్రేషన్ల ఫ్రెంచ్ వచ్చినోళ్లకు వేరే డ్రాలు తీస్తున్నరు. వాళ్లను టీచర్లుగ తీస్కోరాదా?

లెక్కలపంతులు:
తమ్ముడూ, ఆ డ్రాకి నాలుగు విభాగాల్లో ఎన్‌సీఎల్‌సీ (కెనడా ఫ్రెంచ్ స్థాయి కొలమానం) 7 చాలు. దాంతో ఆఫీసులో నెట్టుకురావచ్చు. తరగతి గదిలో భిన్నాలు, నీటి చక్రం, ఇద్దరి మధ్య కొట్లాట, అన్నీ తడుముకోకుండా ఫ్రెంచ్‌లోనే నడిపించాలి. పైగా ఒంటారియోలో టీచర్ కావాలంటే డిగ్రీ మీద నాలుగు సెమిస్టర్ల టీచర్ ట్రైనింగ్ (2015 నుంచి ఇదే పద్ధతి), ఒంటారియో కాలేజ్ ఆఫ్ టీచర్స్ సర్టిఫికెట్, దానిమీద ఫ్రెంచ్ రెండో భాషగా బోధించే అర్హత. ఆపైన బోర్డు తన సొంత పరీక్ష పెడుతుంది, మాటా రాతా రెండూ చూస్తుంది. చాలామంది రాత దగ్గర పడిపోతారు. రిపోర్టు కార్డు వ్యాఖ్యల్లో వ్యాకరణం తప్పులుంటే తల్లిదండ్రులు ఊరుకోరు మరి. ఇండియాలో టీచర్‌గా చేసి వచ్చినవాళ్లకి మాత్రం ఇది నిజంగా దారే. సర్టిఫికెట్ల పరిశీలనకే బోలెడు సమయం పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టాలి.

సాయిమిల్టన్:
మా వాడి బడిలో మార్చి నుంచి జూన్ దాకా ఫ్రెంచ్ టీచర్ బదులు ఇంగ్లీష్ సప్లయ్ టీచరే. రిపోర్టు కార్డులో ఫ్రెంచ్‌కి మాత్రం బీ ప్లస్. ఎలా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

లెక్కలపంతులు:
సాయి గారు చెప్పింది కబురు కాదు, లెక్కలోకి వచ్చే సంగతే. గ్రేడ్ 8 ముగిసేసరికి ఇమ్మర్షన్‌లో కనీసం 3800 గంటల ఫ్రెంచ్ ఉండాలని ఒంటారియో పాఠ్యప్రణాళిక చెప్తుంది. బడి రోజు 300 నిమిషాలు. ఏడాదికి 194 రోజులు, అందులో ఏడు పీఏ డేలు (టీచర్లకి పని, పిల్లలకి సెలవు) పోతే 187. రోజులో సగం ఫ్రెంచ్ అంటే రెండున్నర గంటలు, ఏడాదికి 467న్నర. ఎనిమిదేళ్లకి 3740. అంటే గ్రేడ్ 1లో మొదలుపెట్టి మొత్తం సగం సగం నడిపితే ఒక్కరోజు పోకపోయినా 60 గంటలు తక్కువే. అందుకే కొన్నేళ్లయినా సగం కంటే ఎక్కువ నడపాలి. ఇక నాలుగు నెలలు టీచర్ లేకపోతే ఎన్ని గంటలు గాలికిపోయాయో మీరే వేసుకోండి. అర్హులు దొరక్క బోర్డులు అర్హత లేనివాళ్లని తాత్కాలిక అనుమతి పత్రాలతో పెట్టుకుని నెట్టుకొస్తున్నాయి. సీట్లు రెట్టింపు చేస్తే ఇంకా ఎక్కువ గదుల్లో ఇదే జరుగుతుంది.

పప్పుచారు:
ఇంత గొడవెందుకు, వియామొండ్ బోర్డులో వేసేస్తే పోలా? పూర్తి ఫ్రెంచ్ బడి, లాటరీ లేదు.

చింతచిగురు:
అది ఇమ్మర్షన్ కాదండి. వియామొండ్, మోనావెనిర్ ఫ్రెంచ్ మాతృభాష వాళ్ల బోర్డులు. కెనడా హక్కుల చార్టర్ 23వ సెక్షన్ కింద ఫ్రెంచ్‌లో చదువు హక్కున్న కుటుంబాల కోసం పెట్టినవి. మిగతావాళ్లు అడ్మిషన్ కమిటీ ముందుకు వెళ్లాలి. ఇంట్లో ఎవరికీ ఫ్రెంచ్ రాకపోతే హోంవర్కు నుంచి బడి ఉత్తరం దాకా అన్నిటికీ ఇబ్బందే. ఇంగ్లీష్ పాఠం గ్రేడ్ 4లో గానీ మొదలవదు.

పంతులు గారి లెక్కలు సరే గానీ, ఇంగ్లీష్ వైపు మిగిలిన ఆ 20 మందిని ఆయన ఒక పేరాలో దాటేశారు. చదవడం ఆలస్యమైన పిల్లవాడు ఇమ్మర్షన్‌లో ఉంటే ఏం జరుగుతుంది? ఫ్రెంచ్‌లో సాయం చెయ్యగల స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్ చాలాచోట్ల ఉండరు. ఫ్రెంచ్ వల్ల తడబడుతున్నాడా, అసలు చదవడంలోనే ఇబ్బందా అని తేల్చే పరీక్ష కూడా ఇంగ్లీష్‌లోనే. ఇంకో ఏడాది చూద్దామంటారు, ఆ తర్వాత ఇంగ్లీష్‌కి మార్చుకోండి అంటారు. ఐఈపీ (ప్రత్యేక సాయం ప్రణాళిక) ఉన్న పిల్లలూ, ఇంగ్లీషే నేర్చుకుంటున్న పిల్లలూ ఇంగ్లీష్ తరగతిలో పోగుపడేది ఇలాగే. అలాంటి పిల్లలు కూడా ఇమ్మర్షన్‌లో నెగ్గుకొస్తారని పరిశోధకులు చెప్తూనే ఉన్నారు, సాయం ఉంటే. ఆ సాయమే లేదు.

గోదారిగట్టు:
టొరంటో గురించి ఇంకా ఎవరూ సరైన సమాధానం చెప్పలేదు.

చెర్రీ_హెచ్‌వైడీ:
ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న జనం ఇక్కడికొచ్చి ఫ్రెంచ్ మీద ప్రేమ ఒలకబోస్తున్నారు 😂

గోదారిగట్టు:
నవ్వండి నవ్వండి. మన దగ్గర కింది క్లాసుల్లోనే అయిపోయే లెక్కలు గ్రేడ్ 9లో చెప్పే దేశం ఇది. పిల్లలకి కాస్త కష్టపడే చోటు దొరికేది ఇమ్మర్షన్‌లోనే. అందరూ పైకి ఫ్రెంచ్ అంటారు గానీ నేను దాపరికం లేకుండా చెప్తున్నాను: ఇంగ్లీష్ తరగతిలో టీచర్ సమయమంతా వెనకబడ్డవాళ్లకే పోతుంది. చదివే పిల్లల తల్లిదండ్రులు మంచి తరగతి కావాలనుకోవడం నేరమా? వచ్చినవాళ్లందరం పిల్లల చదువు కోసమే కదా వచ్చాం!

చింతచిగురు:
ఇన్ని పోస్టుల తర్వాత బయటపడ్డారు. మీకు కావలసింది ఫ్రెంచ్ కాదు, వడపోత. పరిమితి ఎత్తేస్తే ఆ వడపోత కూడా ఉండదు, ఆ సంగతి గమనించారా? అరవైలో నలభై మంది ఇమ్మర్షన్‌కి వస్తే ఆ నలభై మందిలోనూ అన్ని రకాల పిల్లలూ ఉంటారు. అప్పుడు ‘గిఫ్టెడ్ (బాగా చురుకైన పిల్లల ప్రత్యేక తరగతి) ఎప్పుడు’ అని ఇంకో చర్చ పెడతారు.

గోదారిగట్టు:
నా పిల్లల గురించి మీరు తీర్పులు చెప్పక్కర్లేదమ్మా. లాటరీలో పేరు వచ్చినవాళ్లకి నీతులు సులువు.

చింతచిగురు:
మీ పిల్లల ఊసే నేను ఎత్తలేదు. లాటరీ ఊసు కూడా. ఉన్న కొద్దిమంది ఫ్రెంచ్ టీచర్లని నాలుగో వంతు పిల్లలకి ఇవ్వాలా, అందరికీ పంచాలా అన్నదే నా ప్రశ్న. ఇంగ్లీష్ తరగతి పిల్లలకి చెప్పే మామూలు కోర్ ఫ్రెంచ్ గ్రేడ్ 4 నుంచి రోజుకు 40 నిమిషాలు, గ్రేడ్ 8కి 600 గంటలు. గది గదికీ బండి తోసుకుంటూ తిరిగే టీచర్, అరగంట దాటితే గంట కొడుతుంది. ఐదేళ్ల తర్వాత పిల్లలకి రంగుల పేర్లు, వారాల పేర్లు వస్తాయి. ముప్పావు వంతు పిల్లలకి దక్కేది అదే, వాళ్ల గురించి ఈ చర్చలో ఒక్కరు కూడా మాట్లాడలేదు.

న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో గ్రేడ్ 5లో ఇంటెన్సివ్ ఫ్రెంచ్ అని పెట్టారు. ఏడాదిలో కొన్ని నెలలు రోజులో ఎక్కువ భాగం ఫ్రెంచ్‌లోనే ముంచేస్తారు, మిగతా నెలల్లో తక్కువ. ఇమ్మర్షన్‌లో లేనివాళ్లందరికీ. అలాంటిదొకటి ఇక్కడ అడగొచ్చు.

లెక్కలపంతులు:
న్యూ బ్రన్స్‌విక్ పేరు ఎత్తారు కాబట్టి మొత్తం చెప్పాలి. 2008లో గ్రేడ్ 1 ఇమ్మర్షన్ ఎత్తేసి గ్రేడ్ 3కి మార్చారు, 2017లో మళ్లీ గ్రేడ్ 1కి తెచ్చారు. ఆ తర్వాత ఇమ్మర్షన్ తీసేసి కిండర్‌గార్టెన్ నుంచి అందరికీ సగం రోజు ఫ్రెంచ్ అన్నారు. తల్లిదండ్రులు సభల్లో తిరగబడితే 2023 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకున్నారు. అందరికీ పంచడానికి ఇంకా ఎక్కువ టీచర్లు కావాలి, తక్కువ కాదు.

మధ్యేమార్గం పక్క బోర్డులోనే ఉంది. హాల్టన్ 2016లో నిర్ణయించి 2018 నుంచి ఇమ్మర్షన్‌ని గ్రేడ్ 1 నుంచి గ్రేడ్ 2కి జరిపింది, మొదలుపెట్టినప్పుడే రోజంతా ఫ్రెంచ్. అక్కడ ఒక టీచర్ ఒకే తరగతితో రోజంతా ఉంటారు. సగం సగం పద్ధతిలో ఒక ఫ్రెంచ్ టీచర్, ఒక ఇంగ్లీష్ టీచర్ రెండు తరగతుల మధ్య మారుతుంటారు, ఒకరు సెలవు పెడితే రెండు తరగతులూ చెడతాయి. గ్రేడ్ 1 అయ్యేసరికి పిల్లవాడి చదువు ఎలా ఉందో తల్లికీ తెలుస్తుంది.

గోదారిగట్టు:
సరే, ఇదైనా ఒప్పుకుంటారా? సీట్లు పంచేది చలికాలంలో, టీచర్ల నియామకాలు ఆ తర్వాత వసంతంలో. ముందు వరుస కలపమనండి. వచ్చే సెప్టెంబరుకి అర్హత ఉన్న ఫ్రెంచ్ టీచర్లు ఎంతమంది, తాత్కాలిక పత్రాలతో ఎంతమంది, బడివారీగా బయటపెట్టి, దాన్నిబట్టి సీట్లు ప్రకటించమందాం. లెక్కలో మిగులు ఉంటే 25 దగ్గర ఆగక్కర్లేదు.

లెక్కలపంతులు:
ఇదైతే నేనూ సంతకం పెడతాను. ఎనిమిదేళ్ల లెక్క కూడా అడగండి: ఈ ఏడాది ఒక తరగతి పెంచితే గ్రేడ్ 8 దాకా ఆ వరుసని నడపడానికి టీచర్లు ఉన్నారా అని.

చింతచిగురు:
ఉత్తరంలో కోర్ ఫ్రెంచ్ గురించి ఒక్క పేరా కూడా లేకపోతే నేను పెట్టను.

గోదారిగట్టు:
అది వేరే ఉత్తరమండి.

వరంగల్‌వాలా:
పంతులు గారూ, ఆ కాలేజ్ ఆఫ్ టీచర్స్‌కు ఉస్మానియా బీఈడీ ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచే నేరుగ పంపియ్యాల్నా, మనం పంపితే నడుస్తదా? మా చెల్లె అక్కడ ఫ్రెంచ్ చెప్పేది, మొన్ననే దిగింది.

లెక్కలపంతులు:
యూనివర్సిటీ నుంచే నేరుగా కాలేజీకి వెళ్లాలి, చేతికిచ్చిన కవరు నడవదు. మెసేజ్ పెట్టు తమ్ముడూ, ఏమేం కావాలో వరుసగా రాస్తాను.