ఎగిరే గుంపు ఫోటో: పిట్టలు లేచాయా, లేపారా?

తీరపిట్ట: పోటు వేళ ఇసుక మేట మీద సేదతీరే గుంపు ఒక్కసారిగా లేచిన ఫోటో ఒకటి ఇక్కడ పెట్టారు. కింద "సహజ దృశ్యం" అని రాశారు. తీసినాయన అటు నడిస్తేనే అవి లేచాయి. అలా రాయొచ్చా? రాయకూడదంటాను. పోటుకి బురద మునిగాక వాటికి మేత ఉండదు, ఆ కాసేపే విశ్రాంతి. 2022లో బార్-టెయిల్డ్ గాడ్‌విట్ అనే వలస పిట్ట ఒకటి అలాస్కా నుంచి టాస్మేనియాకి ఎక్కడా ఆగకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరింది. అలాంటి ప్రయాణానికి దాచుకున్న కొవ్వును ఫోటో కోసం కరిగిస్తామా?

పొడుగులెన్స్: ఆ ఫోటో నాదే. 80 మీటర్ల దూరం నుంచి తీశాను. అది దగ్గరా?

తీరపిట్ట: ఫోటో పెద్దది చేసి చూడండి. ఎడమ అంచున ఇంకా ఎగరని మూడు పిట్టలు మెడలు నిక్కించి మీ వైపే చూస్తున్నాయి. గద్ద వస్తే తల పక్కకు వంచి ఒక కంటితో ఆకాశంలోకి చూసేవి.

పొడుగులెన్స్: 80 మీటర్లు అన్నాను కదండీ.

బురదనేల: కుక్కలు రోజూ లేపుతుంటే ఎవరూ అడగరు.

ఇసుకదారి: ఒకాయన్ని నమ్మి కెంటిష్ ప్లోవర్ అనే చిన్న తీరపు పిట్ట గూడు ఎక్కడుందో చెప్పాను. మర్నాటికి ట్రైపాడ్లతో జనం. గూడంటే ఇసుకలో చిన్న గుంట, గులకరాళ్ళలో కలిసిపోయే గుడ్లు. తల్లి రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ దూరంగా రప్పించాలని చూస్తుంటే, వీళ్ళు దాన్నే వీడియో తీశారు. అంతసేపూ గుడ్లు ఎండలోనే. అప్పటినుంచి కెమెరా వాళ్ళకి ఏ చోటూ చెప్పను.

పొడుగులెన్స్: ఎవరో చేసినదానికి నన్ను బోనెక్కిస్తారా? తీరపిట్ట గారూ, అసలు సంగతి చెప్పండి. మీరు పిట్టల్ని లెక్కపెట్టి రాసే పట్టికలు ఎవరూ చూడరు, నా ఫోటో అందరూ చూస్తారు. అదే మీ కడుపుమంట.

తీరపిట్ట: మంటే, కానీ అందుకు కాదు. మీ ఫోటో చూసి కొత్తవాళ్ళు అలాంటిదే కావాలని వెళ్తారు. ఎంత కూర్చున్నా గుంపు లేవకపోతే లేపుతారు. "నేను నడిస్తే లేచాయి" అని ఒక్క ముక్క రాయండి చాలు.

పొడుగులెన్స్: రాస్తే ఫోటోల పోటీలోంచి తీసేస్తారు.

తీరపిట్ట: తీసేయాలి.

పొడుగులెన్స్: మరి ఈ పిట్టల గురించి జనానికి ఎలా తెలుస్తుంది? పట్టిక చదివి ఎవరైనా బురదనేలను కాపాడటానికి వచ్చారా? ఫోటో చూసే వస్తారు. నేనూ అలా వచ్చినవాడినే.

ఇసుకదారి: వచ్చి ఏం చేస్తున్నారో చెప్పాను కదా.

బురదనేల: పోటు పెరగకముందే వెళ్ళి కదలకుండా కూర్చోండి. నీళ్ళే వాటిని మెల్లగా మన వైపు తోస్తాయి, మేస్తూనే దగ్గరికొస్తాయి.

పొడుగులెన్స్: అప్పుడు ఎగిరే ఫోటో రాదు.

తీరపిట్ట: రాదు. ఫోటో కింద మాట ఇంకా మార్చలేదు మీరు.