ఆటలు, బార్, భోజనం ఒకేచోట ఉండే వినోద కేంద్రానికి కుటుంబంతో వెళ్లడంపై సలహా కావాలి

అందరికీ నమస్కారం. ఆర్కేడ్ ఆటలు (యంత్రాలపై ఆడేవి), బౌలింగ్ (బంతిని దొర్లించి పిన్నులను పడగొట్టే ఆట), బార్, రెస్టారెంట్ అన్నీ కలిసి ఉండే పెద్ద వినోద కేంద్రానికి మా అత్తయ్యగారిని, పదేళ్లలోపు పిల్లలిద్దరినీ తీసుకుని వెళ్లాలనుకుంటున్నాము.

నా ప్రధాన సందేహం ఆట కార్డు గురించి. మనం కట్టిన డబ్బు పాయింట్లుగా మారిపోవడం వల్ల, యంత్రానికి కార్డు తాకించిన ప్రతిసారీ ఎంత ఖర్చయిందో పిల్లలకే కాదు, పెద్దలకూ వెంటనే తట్టదు. అందుకే ఇద్దరికీ వేర్వేరు కార్డులు ఇవ్వడం మేలా, లేక గంటల లెక్కన ఎన్ని ఆటలైనా ఆడనిచ్చే పాస్ మేలా? చాలాచోట్ల అటువంటి పాస్‌తో ఆడితే బహుమతి టికెట్లు రావు కనుక చిన్నవాడు నొచ్చుకుంటాడేమోనని నా బెంగ. బొమ్మలను పట్టుకునే క్లా యంత్రాల పట్టు బిగువును నిర్వాహకులే అమర్చుకునే వీలుంటుంది కాబట్టి వాటి జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

బౌలింగ్ లేన్ 60 అడుగుల పొడవుంటుంది. బంతి పక్క కాలువలో పడకుండా అడ్డుపట్టీలు లేపించి, 6 పౌండ్ల బంతి ఇస్తే ఆరేళ్ల పిల్లవాడు ఆడగలడా?

అత్తయ్యగారు పెద్ద శబ్దాన్ని, మెరిసే దీపాలను ఎక్కువసేపు భరించలేరు. బార్‌కు దూరంగా, కాస్త ప్రశాంతంగా కూర్చునే చోటును ముందుగా అడిగి తీసుకోవచ్చా? సాయంత్రం ఒక వేళ దాటాక పిల్లలను అనుమతించని కేంద్రాలూ ఉంటాయి కనుక ఏ సమయానికి వెళ్లడం మంచిదో, భోజనం ఆటలకు ముందా తరువాతా అన్నది కూడా అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.