సెప్టెంబర్ 17: మా ఊరి జెండా గద్దె మీద ఏ మాట రాయాలి?

జనగామ టీచర్

1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయి, మన హైదరాబాద్ రాజ్యం భారత్ చేతికి వచ్చింది. ఆ రోజు కోసం మా ఊరి బడి ముందున్న జెండా గద్దెకు రంగులు వేయిస్తున్నాం. ఖర్చు పాత విద్యార్థులు పెట్టుకున్నారు. పేచీ అంతా గద్దె మీద రాసే మాట దగ్గర వచ్చింది. కొందరు విమోచన దినం అంటున్నారు, కొందరు విలీన దినం అంటున్నారు. ఒకప్పుడు విద్రోహ దినమని నల్లజెండా ఎగరేసిన పెద్దమనుషులు ఇద్దరున్నారు, వాళ్ళు ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నారు.

పోనీ ప్రభుత్వం ఏమంటే అది రాద్దామంటే అక్కడా ఒక్క మాట లేదు. 2022లో డెబ్బై ఐదో ఏడు మొదలైనప్పుడు కేంద్రం పరేడ్ గ్రౌండ్‌లో విమోచన దినం జరిపింది. అదే రోజు రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం జరిపింది. 2024లో కేంద్రం విమోచన దినమని గెజిట్ ఇస్తే, రాష్ట్రం ప్రజాపాలన దినోత్సవం అంది. పిల్లలు ఏ పేరుతో వ్యాసం రాయాలని అడుగుతున్నారు.

నా మటుకు నాకు, ఆ రోజు ఎవరు గెలిచారన్నది పండుగ కాకూడదు. ఊళ్ళో మనిషికి ఏం మారిందన్నదే పండుగ కావాలి. మీరేమంటారు?

పరకాల నుంచి డల్లాస్

విమోచన అనే రాయండి సార్, సందేహమే వద్దు. దేశమంతా 1947 ఆగస్టు 15న జెండా ఎగరేసింది. మన దగ్గర అదే జెండా పట్టుకుంటే కాల్పులు. మా పరకాలలో 1947 సెప్టెంబర్ 2న జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద తూటాలు పేల్చారు. మా తాత ఆ గుంపులో ఉన్నాడు. పక్కనున్న మనిషి పడిపోతే అతని తువ్వాల మా తాత భుజం మీదే ఉండిపోయింది. దాన్ని చాలా ఏళ్ళు ట్రంకు పెట్టెలో దాచాడు, నేను చూశాను.

1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో రజాకార్లు, అంటే నిజాం పక్షాన తిరిగే సాయుధ దండు, జనాన్ని వరుసగా నిలబెట్టి కాల్చారు. ఇది జరిగి మూడు వారాలు తిరక్కుండానే భారత సైన్యం వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. పాత హైదరాబాద్ రాజ్యంలోని మరాఠీ జిల్లాల వాళ్ళు ఇదే రోజును ముక్తి సంగ్రామ దినమని జరుపుకుంటారు. మనకు ఎందుకీ మొహమాటం?

పాతబస్తీ

అన్నా, మీ తాత తువ్వాల గురించి చదివి మనసు బరువెక్కింది. నేను చెప్పేది కూడా ఓపికగా వినండి.

మా నానమ్మ వాళ్ళది ఉస్మానాబాద్ వైపు. సైన్యం వచ్చాక అక్కడ జరిగినవాటి మీద నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ విచారణ చేసింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ ఎక్కువ దెబ్బతిన్న జిల్లాలు. ఆ నివేదిక దశాబ్దాల తరబడి జనానికి అందలేదు. మా నానమ్మ ఐదుగురు అన్నదమ్ముల్లో ఇద్దరి పేర్లే చెప్పేది, మిగతా ముగ్గురి దగ్గర ఆగిపోయేది.

రజాకార్లను నేను వెనకేసుకు రావడం లేదు. భారత్‌లో కలవాలని రాసినందుకు ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను నడిరోడ్డు మీద చంపింది వాళ్ళే. విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో పోరాడి గెలిచి, 1940లో హత్యకు గురైన బందగీ ముస్లిం రైతే. వాళ్ళిద్దరూ మా వాళ్ళు, మీ వాళ్ళు కూడా. కానీ మైకులో విమోచన అని అరిచినప్పుడల్లా చూపులు మా వైపు తిరుగుతాయి, ఎవరి నుంచి విమోచనో మా మొహాల మీద రాసున్నట్టు. పండుగ రోజు నన్ను ఓడిపోయిన పక్షంలో నిలబెట్టవద్దు. నేను కోరేది అంతే.

నల్లగొండ

సుందర్‌లాల్ నివేదిక మాట ఎత్తినందుకు తమ్మికి థ్యాంక్స్. నేను ఇంకో ప్రశ్న వేస్తాను. నిజాం నుంచి విమోచన అయితే, 1950 జనవరి 26న అదే నిజాంను రాజ్‌ప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో, కూర్చోబెట్టింది ఎవరు? 1956 దాకా ఆయన ఆ కుర్చీలోనే ఉన్నాడు.

ఊళ్ళలో కథ ఇంకో రకం. పట్నం పారిపోయిన దొరలు సైన్యం వచ్చాక ఖద్దరు టోపీ పెట్టుకొని తిరిగొచ్చారు. పేదలు పంచుకున్న భూములు మళ్ళీ గుంజుకున్నారు. కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది 1946 జూలై 4న. అక్కడ అంటుకున్న రైతాంగ సాయుధ పోరు 1951 అక్టోబర్ దాకా ఆగలేదు. 1948 సెప్టెంబర్ 17తో అంతా అయిపోయి ఉంటే, ఆ తర్వాత మూడేళ్ళు మా వాళ్ళు అడవుల్లో ఎవరితో కొట్లాడినట్టు?

బెజవాడ

బయటివాణ్ణి, ఒక్క మాట. మాకూ రాష్ట్ర అవతరణ దినంతో ఇదే తిప్పలు. అక్టోబర్ 1, 1953నా, నవంబర్ 1, 1956నా, జూన్ 2, 2014నా అని ప్రభుత్వం మారినప్పుడల్లా తేదీ మారింది. 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణం విడిచిన పొట్టి శ్రీరాములు గారి ఫలితం 1953లో వచ్చింది, మేం దండలు వేసింది నవంబర్ 1న. తేదీ ప్రభుత్వాలది, త్యాగం మనుషులది. టీచర్ గారూ, మీ ఊళ్ళో ఆనాటి మనుషులు ఎవరైనా మిగిలి ఉన్నారా? వాళ్ళను అడిగారా?

జనగామ టీచర్

మీ మాట చదివాక నిన్న సాయంత్రం ఒక ముసలమ్మ ఇంటికి పోయాను. తొంభై దాటింది. వాళ్ళ ఇంటికి దివిటీ వెట్టి, అంటే దొరకు కూలి లేకుండా దివిటీ పట్టే చాకిరీ, ఉండేదట. రాత్రిపూట దొర కచ్చడం (ఎద్దుల బండి) కదిలితే, ఎద్దుల ముందు దివిటీ పట్టుకొని పక్క ఊరి పొలిమేర దాకా ఉరకాలి. అక్కడ ఆ ఊరి వెట్టివాళ్ళు అందుకుంటారు. వాళ్ళ నాయిన ఉరికేవాడు, ఈమె వెనకాల నూనె ముంత పట్టుకొని ఉరికేది. చీర కొంగు తీసి మోచేతి కింద మచ్చ చూపించింది. నూనె చిట్లిన మచ్చ. నా అరచేతి అంత ఉంది, చర్మం ఇంకా ముడతలు పడి మెరుస్తోంది.

సెప్టెంబర్ 17 గురించి అడిగాను. తెల్వదంది. "సంఘపోళ్ళు వచ్చిన ఏడు మా నాయిన దివిటీ గడీ ముందల పారేసిండు. అటెన్క పట్టలే" అంది. సంఘపోళ్ళంటే దొరల మీద తిరగబడ్డ ఆంధ్ర మహాసభ వాళ్ళు. మిలిటరీ వచ్చింది దాని తర్వాతే అని ఖాయంగా చెప్పింది. ఆమె స్వాతంత్ర్యం ఆ దివిటీ కింద పడ్డ రాత్రి వచ్చింది. దానికి గెజిట్ లేదు, తేదీ లేదు. నేను పదిహేనేళ్ళుగా అదే ఊళ్ళో పాఠం చెబుతూ ఈ మాట ఆమెను ఒక్కసారి కూడా అడగలేదు. అందుకు చాలా బాధగా ఉంది.

పరకాల నుంచి డల్లాస్

సార్, ఆమెకు నా తరఫున దండం పెట్టండి. కానీ సైన్యం రాకపోతే, దివిటీ పారేసిన ఆ నాయినను రజాకార్లు బతకనిచ్చేవాళ్ళా? బైరాన్‌పల్లి వాళ్ళూ ఎదురు తిరిగినవాళ్ళే కదా. సెప్టెంబర్ 17ను పక్కన పెట్టొద్దు. విమోచన మాట మీద నేను ఇంకా నిలబడే ఉన్నాను. పాతబస్తీ తమ్మి చెప్పినది మాత్రం మనసులో తిరుగుతోంది. మా పరకాల వాళ్ళతో మాట్లాడి, ఈసారి మైకు పట్టుకునేవాళ్ళు షోయబుల్లా ఖాన్ పేరు కూడా చెప్పేలా చూస్తాను.

పాతబస్తీ

అన్నా, ఆ ఒక్కటి చేస్తే నేను పరకాల వచ్చి జెండా కింద నిలబడతా.

సార్, మీ ఊళ్ళో దూదేకుల వాళ్ళకు కూడా వెట్టి ఉండేదా?

జనగామ టీచర్

ఉండేదట. దొర ఇంటి పరుపులు వాళ్ళే ఏకి కుట్టాలి, కూలి లేదు. ఆమే చెప్పింది.

గద్దె మీద "మా ఊళ్ళో వెట్టి పోయింది" అని రాసి, కింద వెట్టి చేసిన ఇళ్ళ వాళ్ళ పేర్లు రాద్దామని పంచాయతీలో అడిగాను. సర్పంచ్ సరేనన్నారు.

నల్లగొండ

మంచి మాట. కానీ పైన 17-9-1948 అని పెట్టి కింద వెట్టి పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది సార్. ఆమె లెక్కన అది అంతకు ముందే పోయింది.

జనగామ టీచర్

నిజమే. పెయింటర్‌ను రెండు రోజులు ఆగమన్నాను. అది నలభై ఆరా, నలభై ఏడా అని తేలాలి. దివిటీ పారేసిన ఏడు వాళ్ళ తమ్ముడు పుట్టాడట, ఆయన ఆధార్ కార్డులో పుట్టిన ఏడు ఎవరో అంచనాగా వేసిందే. ఇప్పటికి పదకొండు ఇళ్ళ పేర్లు దొరికాయి. రేపు బడి అయ్యాక మళ్ళీ పోతున్నా.