‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా ఒక్కటేనా?

పోయిన వారం మా పై అధికారి మెయిల్‌లో సమావేశం ‘కాల్డ్ ఆఫ్’ అని రాశారు. వాయిదా పడిందనుకుని, మళ్లీ ఎప్పుడండీ అని అడిగాను. ‘ఇక లేదు బాబూ, రద్దయింది’ అని నవ్వారు. సరే, ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు, ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా అని డైరీలో రాసుకున్నాను.

రెండు రోజులు తిరగకుండానే, ఒక హోటల్ గురించి ఎవరో ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అని రాయడం చూశాను. వాసన మనిషిని వాయిదా వేయడమేమిటి! ఇక్కడ ‘వెగటు పుట్టించింది’ అనుకోవచ్చా?

అసలు చిక్కు వేరే ఉంది. ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలట, ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పట. మరి ‘లుక్ ఆఫ్టర్’కి మాత్రం ‘ఇట్’ చివరే వస్తుంది కదా! ఏ క్రియను మధ్యలో విడదీయవచ్చో, దేన్ని విడదీయకూడదో గుర్తుపట్టే దారి ఏదైనా ఉందా, లేక ఒక్కొక్కటీ బట్టీ పట్టవలసిందేనా? అలాగే ‘పుట్ ఆఫ్’ తర్వాత ‘గోయింగ్’ అనాలా, ‘టు గో’ అనాలా? తెలిసినవారు ఒకటి రెండు ఉదాహరణలతో చెప్పగలరు.