జీసీసీ 13.2 సోర్స్ నుంచి బిల్డ్ చేస్తుంటే మేక్ మధ్యలో ఆగిపోతోంది

కొత్తబిల్డ్:
నమస్కారం అండి. నా సిస్టమ్‌లో ఉన్న జీసీసీ (సీ, సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్) పాతది. నాకు సీ ప్లస్ ప్లస్‌లో టెక్స్ట్ ఫార్మాట్ చేసే ఎస్‌టీడీ ఫార్మాట్ కావాలి, అది జీసీసీ 13 నుంచే ఉంది, అందుకని సోర్స్ కోడ్ ఉన్న టార్‌బాల్ (ప్యాక్ చేసిన ఫైల్) దించుకుని నేనే బిల్డ్ చేద్దామని కూర్చున్నాను. బిల్డ్‌కి ముందు నడిపే కాన్ఫిగర్ స్క్రిప్ట్ దగ్గరే జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ అనే లెక్కల లైబ్రరీలు లేవంది. ఒక్కోటీ విడిగా దించి ఇన్‌స్టాల్ చేసేసరికి సాయంత్రమైంది. తర్వాత 32 బిట్ లైబ్రరీలు లేవని ఇంకో గొడవ, అవీ వేశాను. రాత్రి మేక్ (బిల్డ్ నడిపే కమాండ్) పెట్టి పడుకున్నా, పొద్దున చూస్తే చివరి లైన్‌లో 'ఎర్రర్ 2' అని ఆగి ఉంది. పైకి ఎంత స్క్రోల్ చేసినా అసలు కారణం దొరకలేదు. 8 జీబీ ర్యామ్, 8 కోర్లు, మేక్‌కి జె 16 (ఒకేసారి 16 పనులు) ఇచ్చాను. టార్‌బాల్ విప్పిన ఫోల్డర్‌లోనే కాన్ఫిగర్ నడిపాను, తప్పు అక్కడేనా?

లాగ్‌చదువరి:
'ఎర్రర్ 2' అంటే లోపల నడిచిన ఇంకో మేక్ ఫెయిలైందని పై మేక్ చెప్పడమే, దాంట్లో కారణం ఉండదు. జె 16 పెట్టినప్పుడు ఒక పని ఆగినా మిగతావి కాసేపు నడుస్తూనే ఉంటాయి కాబట్టి అసలు ఎర్రర్ వందల లైన్ల పైన పడి ఉంటుంది. అవుట్‌పుట్‌ని ఒక ఫైల్‌లోకి పంపి అందులో 'కిల్డ్' అనే మాట వెతకండి. సీసీ1ప్లస్ (జీసీసీలో సీ ప్లస్ ప్లస్ కంపైల్ చేసే ప్రోగ్రామ్) పక్కన అది కనిపిస్తే మెమరీ చాలక కెర్నల్ చంపేసిందని అర్థం. 13లో జింపుల్-మ్యాచ్ అనే ఒక్క ఫైలే చాలా మెమరీ తింటుంది, 14 నుంచి దాన్ని ముక్కలు చేశారు. 8 జీబీకి జె 4 దాటొద్దు.

మూడుదశలు:
పైన చెప్పింది నిజమే, కానీ ఆ ఫోల్డర్ మొత్తం తీసేసి టార్‌బాల్ మళ్లీ విప్పండి. సోర్స్ లోపలే కాన్ఫిగర్ చేయొద్దని జీసీసీ వాళ్లే చెప్తారు. బయట ఖాళీ ఫోల్డర్ పెట్టుకుని, అక్కడ నిలబడి సోర్స్‌లోని కాన్ఫిగర్‌ని పిలవండి. ఏదైనా తేడా వస్తే ఆ బిల్డ్ ఫోల్డర్ ఒక్కటే తీసేస్తే సరిపోతుంది.

మీ సాయంత్రమంతా పోయిన పనికి సోర్స్‌లోనే స్క్రిప్ట్ ఉంది, కాంట్రిబ్ ఫోల్డర్‌లో డౌన్‌లోడ్-ప్రీరిక్విజిట్స్ అని. సోర్స్ ఫోల్డర్‌లో నిలబడి నడిపితే ఆ లైబ్రరీలు సరైన వెర్షన్లలో వచ్చి జీసీసీతో పాటే బిల్డ్ అవుతాయి. 32 బిట్ ప్రోగ్రామ్‌లు చేయకపోతే కాన్ఫిగర్‌కి డిజేబుల్-మల్టీలిబ్ ఇవ్వండి. భాషలు సీ, సీ ప్లస్ ప్లస్ చాలు. ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ అయ్యే చోటు) మాత్రం మీ హోమ్‌లో ఒక ఫోల్డర్ పెట్టండి, దయచేసి సిస్టమ్ ఫోల్డర్ అయిన స్లాష్ యూఎస్ఆర్ ఇవ్వొద్దు, సిస్టమ్ కంపైలర్ మీద ఇది ఎక్కి కూర్చుంటే విప్పుకోవడం నరకం.

ఇంత టైమ్ ఎందుకంటే కంపైలర్ మూడుసార్లు తయారవుతుంది. మీ పాత జీసీసీ మొదటిదాన్ని కంపైల్ చేస్తుంది, అది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని. రెండు, మూడు దశల ఆబ్జెక్ట్ ఫైళ్లు ఒకేలా ఉన్నాయా లేదా అని చివర్లో పోల్చి చూస్తుంది. డిజేబుల్-బూట్‌స్ట్రాప్ ఇస్తే ఇదంతా తప్పుతుంది, బిల్డ్ బాగా త్వరగా అయిపోతుంది, కానీ రోజూ వాడే కంపైలర్‌కి నేనైతే ఆ పరీక్ష వదలను.

కొత్తబిల్డ్:
'కిల్డ్' దొరికింది, సీసీ1ప్లస్ పక్కనే ఉంది! ఫోల్డర్ తీసేసి, స్క్రిప్ట్ నడిపి, జె 4తో మళ్లీ పెట్టాను, కొన్ని గంటలు పట్టినా ఈసారి చివరిదాకా వెళ్లింది. చాలా థాంక్స్ అండి ఇద్దరికీ. ఇన్‌స్టాల్ చేసి పాత్ (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) కూడా మార్చాను, కానీ అదే టెర్మినల్‌లో ఇంకా పాత వెర్షనే చూపిస్తోంది. కొత్త టెర్మినల్ తెరిస్తే 13.2 వచ్చింది. ప్రోగ్రామ్ కంపైల్ అయింది గానీ, రన్ చేస్తే జీలిబ్‌సీఎక్స్ఎక్స్ వెర్షన్ దొరకలేదంటోంది.

లాగ్‌చదువరి:
మొదటిది ఆ టెర్మినల్ ఇంకా పాత పాత్‌తోనే నడుస్తూ ఉండడం వల్ల, కొత్త టెర్మినల్ తెరిస్తే సరిపోతుంది. రెండోది, రన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌లోని పాత లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్ (జీసీసీతో వచ్చే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ) లోడ్ అవుతోంది, జీలిబ్‌సీఎక్స్ఎక్స్ అనేది దాని వెర్షన్ గుర్తు. కొత్తది మీ ప్రిఫిక్స్ కింద లిబ్64లో ఉంటుంది. లింక్ చేసేటప్పుడు ఆ ఫోల్డర్‌ని ఆర్‌పాత్‌గా (లైబ్రరీ ఎక్కడ వెతకాలో ప్రోగ్రామ్‌లోనే రాసిపెట్టే దారి) ఇవ్వండి. ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్ సెట్ చేసినా నడుస్తుంది, కానీ దాన్ని బ్యాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచినప్పుడు చదివే సెట్టింగ్స్ ఫైల్) శాశ్వతంగా పెడితే మిగతా ప్రోగ్రామ్‌లన్నీ కూడా ముందు అక్కడే వెతుకుతాయి. తర్వాత ప్రోగ్రామ్ వాడే లైబ్రరీలు చూపించే ఎల్‌డీడీ నడిపి ఏ ఫోల్డర్ నుంచి తీసుకుంటోందో చూసి ఇక్కడ పెట్టండి.

కొత్తబిల్డ్:
ఆర్‌పాత్ ఇచ్చాక ఎల్‌డీడీలో నా హోమ్ ఫోల్డర్ దారే కనిపిస్తోంది, ప్రోగ్రామ్ రన్ అయింది.